డమ్మీగా నిలబెట్టిన రాజవ్వ

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే మండల ఆఫీసుల నడుము నొప్పులు మొదలైతయి. నిన్నటిదాక మెట్లు ఎగిరెగిరి ఎక్కిన సారు ఇయ్యాల గోడ పట్టుకొని నడుస్తడు. ఒకాయనకు బీపీ, ఇంకొకాయనకు కంట్ల శుక్లం, ఇంకొకామెకు ఆడిబిడ్డ కొడుకు పెండ్లి. డ్యూటీ రద్దు చెయ్యమని దవాఖాన కాగితాలు పట్టుకొని జిల్లా ఆఫీసు ముందట కట్టే లైను, పోలింగు నాటి లైనుకన్న పొడుగుంటది. ఎవరి డ్యూటీ రద్దు కాదో వాళ్లే చివరికి ప్రజాస్వామ్యాన్ని నడిపిస్తరు. నేను అట్ల మిగిలిపోయినదాన్ని.

సిద్దిపేట చుట్టుపక్కల మండలాలల్ల పంచాయతీ అధికారిగ చేసి రిటైరైన. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ మండలం నుంచి ఏ మండలానికి మారిన అనేది మీకు అక్కర లేదు. అది మా ఇంట్ల వాళ్లకే గుర్తు లేదు. కొత్తగ ఈ ఉద్యోగంల చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తరు. "మేడం, ఎన్నికల చట్టం పుస్తకం చదివినం. అయినా భయమైతుంది" అంటరు. పుస్తకం చదివితే భయం కావాలె, అది మంచిదే. కాకపోతే పుస్తకంల సెక్షన్లు ఉంటయి గని మనుషులు ఉండరు. అందుకే ఒక ఊరి సర్పంచ్ ఎన్నిక ముచ్చట చెప్తున్న. నామినేషన్ కాడ మొదలైంది, కోర్టుల తేలింది. ఆ ఒక్క ఎన్నికల నేను నేర్చుకున్నది అన్ని శిక్షణ తరగతులల్ల నేర్చుకోలేదు. తరగతులల్ల మైకు పనిచేసేది కాదు, భోజనం మాత్రం బాగుండేది.

ఊరి పేరు చెప్ప. మనుషుల పేర్లు మార్చిన.

నామినేషన్

సిద్దిపేట నుంచి చేర్యాల పోయే తొవ్వల ఒక ఊరు. ఆ ఊరికి అంజయ్య రెండుసార్లు సర్పంచ్‌గ చేసిండు. మూడోసారి ఆ పదవి బీసీ మహిళకు రిజర్వైంది. ఊర్ల వాళ్లు "ఇగ అంజన్న పని అయిపోయింది" అనుకున్నరట. రిజర్వేషన్ అంటే ఏందో అంజయ్యకు వాళ్లకన్న మంచిగ తెలుసు. మహిళకు రిజర్వైతే నామినేషన్ మీద భార్య సంతకం ఉంటది, మిగతాది అంతా ఎప్పటిలెక్కనే ఉంటది. ఆయన లెక్క అది.

మామూలుగ నామినేషన్లు ఒక అధికారి, పోలింగు, లెక్కింపు ఇంకొక అధికారి చూస్తరు. ఆ రెండో అధికారికి సరిగ్గ అప్పుడే నడుము పట్టింది కాబట్టి మొదటి నుంచి చివరిదాక నేనే రిటర్నింగ్ ఆఫీసర్నైన.

అంజయ్య రెండు నామినేషన్లు పట్టుకొని వచ్చిండు. ఒకటి భార్య సుజాతది. ఇంకొకటి రాజవ్వది. రాజవ్వ ఆయనకు వదిన, చచ్చిపోయిన అన్న భార్య. యాభై ఏండ్లు దాటిన మనిషి. ఒక బర్రె, కొంచెం పొలం, చేతుల బీడీల పని. సుజాత పట్టుచీరె కట్టుకొని కుర్చీల కూసున్నది. రాజవ్వ తలుపు కాడ నిలబడ్డది.

"ఇది అసలు నామినేషన్ మేడం" అని భార్యది ముందట పెట్టిండు అంజయ్య. "గిది డమ్మీ. సుజాతది ఏమన్న అటిటైతే ఉంటదని ఉత్తగ ఏపిస్తున్న."

"డమ్మీ అనే మాట చట్టంల లేదు అంజయ్యగారూ. కాగితం మీద సంతకం పెడితే ఆమె కూడ అభ్యర్థే."

"మీకు చట్టం మేడం. మా వదినె నాకు తెల్వదా? నోట్ల నాలుక లేని మనిషి."

నాలుక లేని మనిషి తలుపు కాడ నుంచి అంతా వింటనే ఉన్నది. ప్రమాణం చదవమంటే మెల్లగ, ఒక్కొక్క మాట కూడబలుక్కొని, మొత్తం చదివింది. సుజాతకు బదులు సగం అంజయ్యే చదువబోయిండు, నేను ఆపిన.

పరిశీలన నాడు తేలింది ఏందంటే, సుజాత అంగన్‌వాడీ టీచరు. ప్రభుత్వ జీతం తీసుకునే ఆ పనిల ఉండి పోటీ చెయ్యరాదు. రాజీనామా చెయ్యాలె, అది మంజూరు కూడ కావాలె. ఆమె రాజీనామా కాగితం ఇచ్చింది గని మంజూరు కాలేదు. ఎందుకు కాలేదంటే అంజయ్యే ఆపించిండు. ఒకవేళ ఓడిపోతే ఉద్యోగం చేతుల ఉండాలె గదా! గెలుపు కావాలె, ఉద్యోగం కావాలె. చట్టం రెండిట్ల ఒకటి అడిగింది. నేను నామినేషన్ తిరస్కరించిన.

అరగంటల జిల్లాల ఒక పెద్దసారు నుంచి ఫోన్.

"మేడం, అంతా చట్టప్రకారమే చెయ్యండి."

"అట్లనే చేసిన సార్."

"మంచిది. కాకపోతే ఆ సుజాతది జర చూడండి."

ఇన్నేండ్ల సర్వీసుల ఆ "జర చూడండి" అనేది ఏ చట్టంల ఏ సెక్షన్ కింద వస్తదో నాకు దొరకలేదు. "సార్, అదే మాట ఒక్క ముక్క వాట్సాప్‌ల పెట్టండి సార్, ఫైల్ల పెట్టుకుంట" అన్న. వెంటనే సిగ్నల్ పోయింది. మా దిక్కు సిగ్నల్ మంచిగనే ఉంటది, ఇసొంటి మాటలప్పుడే పోతది. పిల్లలకు నేను చెప్పేది ఇదే. పెద్దసారుతోని కొట్లాడకండి. ఎదురు చెప్పకండి. రాసి ఇయ్యమని వినయంగ అడగండి. తుపాకికన్న ఎక్కువ పనిచేస్తది.

అంజయ్య ఆర్డీవోకు అప్పీలు చేసుకున్నడు, అక్కడా అదే చెప్పిన్రు. హైకోర్టుకు పోత అన్నడు. ఎన్నిక మధ్యల ఉండంగ కోర్టు చెయ్యి పెట్టది, ఏ గోస ఉన్నా ఎన్నిక ముగిసినంక పిటిషన్ వేసుకోవాలని ఆయన వకీలే చెప్పిండు. ఆ పిటిషన్ అనే మాట అప్పుడే ఆయన చెవుల పడ్డది. పడకుంటే బాగుండు.

ఉపసంహరణ రోజు

నామినేషన్ వాపసు తీసుకునెతందుకు ఆఖరి రోజు. పొద్దటి నుంచి ఒక్కొక్కరు వస్తున్నరు, సంతకం పెట్టి పోతున్నరు. భోజనాల యాళ్లకు రాజవ్వ ఆటో దిగి ఒక్కతే లోపటికి వచ్చింది.

"వాపస్ తీసుకునే కాగితం ఇయ్యున్రి మేడం. అంజయ్య గియ్యాల వచ్చి సంతకం పెట్టి పొమ్మన్నడు."

ఆ మాట అంజయ్య చెప్పింది నామినేషన్ వేసిన్నాడు. తర్వాత సుజాతది పోయింది, లెక్క మొత్తం తలకిందులైంది. ఇప్పుడు రాజవ్వ కూడ తప్పుకుంటే అవతల పక్క నిలబడ్డ బాలమణి పోటీ లేకుండనే సర్పంచైతది. ఇదంతా ఊరందరికి తెలుసు. రాజవ్వకు చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. డమ్మీకి ఎవరు చెప్తరు?

కాగితం ఇచ్చిన. ఆమె కూసోని పేరు రాస్తుంటే బయట కారు ఆగిన చప్పుడైంది. అంజయ్య చెప్పులు ఇడిచింది కూడ లేదు, ఉరికొచ్చిండు.

"వదినె! సంతకం పెట్టకు! పెట్టకు!"

రాజవ్వ పెన్ను ఆపింది. "నువ్వే గద పెట్టుమంటివి?"

"గప్పుడు చెప్పిన. ఇప్పుడు వద్దు. ఇప్పుడు నువ్వే అభ్యర్థివి."

"గప్పుడేమో ఉత్తగనే అంటివి."

"ఇప్పుడు నిజం వదినె. ఆ కాగితం నాకియ్యి." చెయ్యి చాపిండు.

నేను అడ్డం పడ్డ. "అంజయ్యగారూ, పక్కకు జరుగుండ్రి. ఉపసంహరణ అభ్యర్థి సొంతంగ చెప్పాలె." రాజవ్వ దిక్కు తిరిగిన. "అమ్మా, తప్పుకుంటున్నవా, ఉంటున్నవా? నువ్వు చెప్పు."

ఆమె నన్ను చూసింది, అంజయ్యను చూసింది, మల్ల నన్ను చూసింది.

"నేనే చెప్పాలెనా?"

"నువ్వే చెప్పాలె."

"ఆయన చెప్తే నడువదా?"

"నడువదు."

ఆమె ముఖంల ఏదో కదిలింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా బల్ల మీద పెట్టింది. "గట్లయితె ఉంట" అన్నది.

అంజయ్య పెద్ద ఊపిరి ఇడిచిండు. ఆమె తన మాట విన్నదనుకున్నడు. నేను కూడ అప్పుడు అట్లనే అనుకున్న.

కత్తెర

పంచాయతీ బ్యాలెట్ మీద పేర్లుండవు, గుర్తులే ఉంటయి. పార్టీ గుర్తులు కూడ కావు. ఎన్నికల సంఘం ఇచ్చిన వరుసల, అభ్యర్థుల పేర్ల అక్షరక్రమంల గుర్తులు కేటాయిస్తం. బాలమణికి ఉంగరం పడ్డది, రాజవ్వకు కత్తెర.

"కత్తెరేంది మేడం? కోసే వస్తువు. అశుభం" అని అంజయ్య లొల్లి. బాలమణి భర్త నర్సింలు వేరే లొల్లి: ఉంగరం అంటే జనం తమను ఉంగరాలు పంచుతరని ఎదురుచూస్తరట! చివరికి ఇద్దరూ ఒకే టీ కొట్టు కాడ కూసోని నన్నే తిట్టుకున్నరు. రెండు వర్గాలు నిన్ను ఒక్కతీరుగ తిడితే నువ్వు నిష్పక్షపాతంగ ఉన్నట్టే. నాకు ఇంతకన్న మంచి కొలత దొరకలేదు.

ఎన్నికల ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టుమని అంజయ్యకు చెప్పిన. నవ్విండు. "నాకు ఏజెంటు కాగితమెందుకు మేడం? ఊరంతా నాదే." పెట్టలేదు.

ప్రచారం నడిచింది. పోలింగుకు ముందు రోజులల్ల ఊర్ల ఎవరి ఇంట్ల వంట కాలేదని, ఎవరూ తొవ్వల సక్కగ నడువలేదని అందరూ అన్నరు. మేము తనిఖీకి పోతే మాత్రం ఊరంతా భజన చేస్తున్నట్టు ఉండె. తర్వాత రెండు దిక్కుల ఖర్చు లెక్కలు వచ్చినయి. చాయ్, బిస్కెట్లు, మైకు కిరాయి. ఆ లెక్కలు చదివినోళ్లు మా ఓటర్లు చాయ్ తప్ప ఇంకోటి ముట్టరనుకుంటరు.

పోలింగు పొద్దుగాల మొదలై మధ్యాహ్నానికి అయిపోతది. భోజనాలైనంక అక్కడే బడిల లెక్కింపు. చెల్లని ఓట్లు వచ్చినయి. ఒకాయన ముద్ర కొట్టకుండ తన పేరు రాసి సంతకం పెట్టిండు, ఓటు తనదే అని రుజువు కావాలనేమో. ఒకరు ఉంగరం మీద, కత్తెర మీద రెండిటి మీద ముద్ర కొట్టిన్రు. రెండు దిక్కుల తిన్న విశ్వాసం. చెల్లదని పక్కన పెడితే రెండు దిక్కుల లెక్కింపు ఏజెంట్లూ "మాదే మేడం" అన్నరు.

రాజవ్వ కొద్ది ఓట్లతోని ముందున్నది. నర్సింలు మల్ల లెక్కపెట్టుమన్నడు. ఇక్కడ కొత్త పిల్లలు యాది పెట్టుకోవాలె. రీకౌంటింగ్ ఫలితం చెప్పక ముందే అడగాలె, కారణం రాసి ఇయ్యాలె. ఒకసారి ఫలితం ప్రకటించి సంతకం పెట్టినమా, ఇగ మనం కాదు గదా కలెక్టర్ వచ్చినా మార్చరాదు. కోర్టుల పిటిషన్ ఒక్కటే తొవ్వ. నర్సింలు "మాకు అనుమానమున్నది" అని రాసిండు. అనుమానం కారణం కాదు. తేడా తక్కువ ఉన్నది కాబట్టి మల్ల లెక్కపెట్టిన. అంతే వచ్చింది.

గెలుపు పత్రం రాసి లేచిన. అంజయ్య మెడనిండ దండలతోని ముందటికొచ్చి చెయ్యి చాపిండు.

"గెలిచినామె ఏది?"

"ఇంటికాడున్నది మేడం. బర్రెకు నీళ్లు పెట్టవోయింది. నాకియ్యున్రి, నేనిస్త."

"ఆమె చేతికే ఇయ్యాలె."

డప్పులు ఆగినయి. ఊరేగింపు జీపు ఇంజన్ బందు చేసిన్రు. రాజవ్వ బర్రెకు నీళ్లు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చేదాక గెలుపు మొత్తం ఎండల నిలబడ్డది.

కుర్చీ

ప్రమాణ స్వీకారం నాడు పంచాయతీ ఆఫీసు ముందట పెద్ద ఫ్లెక్సీ. దాంట్ల అంజయ్య బొమ్మ మనిషంత, రాజవ్వ బొమ్మ పోస్టు బిళ్లంత. లోపట సర్పంచ్ కుర్చీల అంజయ్య కూసున్నడు. ఆయన తప్పు లేదు, పదేండ్ల అలవాటు.

రాజవ్వ ప్రమాణం చదివింది, సంతకం పెట్టింది. మెల్లగ నడుచుకుంట కుర్చీ కాడికి వచ్చింది.

"అంజయ్యా, జర లెవ్వు."

"ఎందుకు వదినె?"

"కూసుంట."

వార్డు మెంబర్లు నవ్విన్రు. అంజయ్య కూడ నవ్విండు, నవ్వుకుంటనే లేచిండు. ఆమె మురిపెం ఒక్క పూట తీరుతదనుకున్నట్టున్నడు. ఆమె కూసోని నన్ను అడిగింది.

"మేడం, మా ఇండ్ల ఎనుక ప్లాట్లు జేసిన్రు గదా. గాడ పార్కుకని ఇడిచిన జాగ ఎవలది?"

"లేఅవుట్ల పార్కుకని ఇడిచిన జాగ పంచాయతీదే అమ్మా."

"మరి గాడ కోళ్లెందుకున్నయి?"

ఆ ప్లాట్లు చేసింది అంజయ్య. పార్కు జాగల కోళ్ల షెడ్డు వేసింది కూడ అంజయ్యనే. ఇది ఊర్ల అందరికి తెలిసిన సంగతే, అంజయ్య సర్పంచ్‌గ ఉన్నప్పుడు అడిగేటోళ్లు లేకుండె.

"వదినె, అవన్నీ తర్వాత మాట్లాడుకుందం" అన్నడు అంజయ్య.

"నీకు తర్వాతనే అంజయ్యా. మాకు దినాం. పళ్లెంల అన్నం పెట్టుకుంటే ఈగలు తిన్నంక మేము తింటున్నం. మా గల్లీ పోరగాండ్లు దవాఖాన కాడనే ఉంటున్నరు."

"నిన్ను నిలవెట్టింది ఎవలో యాదున్నదా?"

"యాదున్నది. గందుకే ముందుగాల నీకు చెప్తున్న. వేరేటోళ్లయితె సీదా నోటీసు ఇస్తుంటి."

నేను నా సంచి సర్దుకొని బయటికొచ్చిన. ఆ రోజు ఎండ ఎక్కువుండె, అయినా నడుచుకుంట పోయి బస్సెక్కిన. నవ్వు ఆపుకునెతందుకు జాగ కావాలె గదా.

పిటిషన్

సర్పంచ్ ఎన్నిక మీద ఫిర్యాదుంటే ఫలితం వచ్చిన ముప్పై రోజుల లోపట ఎన్నికల ట్రిబ్యునల్‌ల పిటిషన్ వేయాలె. మా దిక్కు ట్రిబ్యునల్ అంటే వేరే భవనమేం కాదు, సివిల్ కోర్టు జడ్జిగారే. ఓడిపోయిన అభ్యర్థే వేయాలని లేదు, ఆ ఊరి ఓటరు ఎవరైనా వేయొచ్చు. మేమంతా బాలమణి వేస్తదనుకున్నం. వేసింది అంజయ్య. రాజవ్వను గెలిపించిన అంజయ్య, రాజవ్వ ఎన్నిక చెల్లదని.

ఏం కారణం? ఓటర్లకు మందు పోయించి గెలిచిందని.

ఆయన వకీలు నాకు తెలిసిన మనిషే. అప్పుడు జరిగిన ముచ్చట చాన రోజుల తర్వాత ఆయనే చెప్పిండు. "అంజయ్యా, మందు పంచుడు అవినీతి చర్యే. గని రుజువు చేసుడు కష్టం, సాక్ష్యం కావాలె" అన్నడట. అంజయ్య కుర్చీల ఎనుకకు వాలి, "సాక్ష్యమెందుకు దొరుకది సార్? పోయించింది నేనే గద" అన్నడట. వకీలు కొద్దిసేపు గోడ గడియారం చూసుకుంట కూసున్నడట. తర్వాత ఫీజు తీసుకున్నడు.

అవినీతి చర్యతోని ఎన్నిక రద్దు కావాలంటే, ఆ పని అభ్యర్థి చెయ్యాలె, లేకుంటే ఆమె ఏజెంటు చెయ్యాలె, లేకుంటే ఇంకెవరైనా ఆమె ఒప్పుకోలుతోని చెయ్యాలె. అందుకని రాజవ్వకు తెలిసే మందు పంచిన్రని చెప్పేటోళ్లు కావాలె. అంజయ్య సాక్షులను జమ చేసిండు. వాళ్లను కార్ల ఎక్కించుకొని వర్గల్ గుడికి తీసుకపోయి, సరస్వతమ్మ ముందట ప్రమాణం చేయించిండు. జనం అక్కడికి పిల్లలకు అక్షరాభ్యాసం చేయించెతందుకు పోతరు. ఈయన పెద్దమనుషులకు అబద్ధాభ్యాసం చేయించిండు.

వాయిదాల మీద వాయిదాలు. ఒకసారి వకీలుకు జ్వరం, ఒకసారి సాక్షి ఊర్ల లేడు. ఈ లోపట రాజవ్వ ఊకోలేదు. పంచాయతీల తీర్మానం చేయించింది, నోటీసు ఇప్పించింది, గడువు దాటినంక షెడ్డు తీయించింది. ఆ రోజు నేను అక్కడే ఉన్న. కోళ్లను లారీల ఎక్కిస్తుంటే ఆ గల్లీ ఆడవాళ్లు బయటికొచ్చి, బతుకమ్మ నాడు నిలబడ్డట్టు వరుసగ నిలబడి చూసిన్రు. సుజాత కూడ వచ్చి నిలబడ్డది. ఆమె ఇంట్ల మాత్రం ఈగలు లేవా?

చివరికి సాక్ష్యం మొదలైంది. నన్ను పిలిచిన్రు. అంజయ్య రాజవ్వ ఏజెంటా అని అడిగిన్రు. ఎన్నికల ఏజెంటుగ ఎవరినీ నియమించినట్టు నాకు కాగితం రాలేదని చెప్పిన. అంజయ్య వకీలు ముఖం కొంచెం వాడింది.

తర్వాత సత్తయ్య. అంజయ్య తెచ్చిన సాక్షులల్ల ముఖ్యుడు. తను తాగిండని గర్వంగనే ఒప్పుకున్నడు. రాజవ్వ వకీలు అడిగిండు.

"మందు ఎవరు పోసిన్రు?"

"అంజన్న."

"ఆ టైంల రాజవ్వ అక్కడ ఉన్నదా?"

సత్తయ్యకు వర్గల్‌ల నేర్పిన జవాబు వేరు. గని ప్రశ్న వినంగనే నోట్ల నుంచి నిజం జారింది. "ఆమె ఉంటే పోయనిస్తదా సార్? కట్టె పట్టుకొని తరుముతది."

కోర్టు హాల్ల నవ్వు. జడ్జిగారు తల వంచుకొని ఏదో రాసుకున్నడు. అంజయ్యకు కోపమొచ్చింది. తన వంతు వచ్చేసరికి ఆ కోపంతోనే బోనెక్కిండు. రాజవ్వ వకీలు మర్యాదగ మొదలుపెట్టిండు.

"అంజయ్యగారూ, మందు తెప్పించింది మీరే గదా?"

"నేనే. ఆమె గెలుపు కోసమే."

"ఆమెను అడిగి తెప్పించిన్రా?"

ఒక్కటే మాట. "అవును" అంటే పని అయిపోతుండె. ఆయన వకీలు కండ్లతోని సైగ చేస్తనే ఉన్నడు. గని పదేండ్లు ఊరిని ఏలిన మనిషి, అందరి ముందట, వదినెను అడిగి చేసిన అని ఎట్లంటడు?

"ఆమెను అడుగుడేంది? ఆమెకేం ఎరుక? నామినేషన్ నేనేసిన, ప్రచారం నేను చేసిన, మందు నేను పోయించిన. ఊర్ల ఏ పనికైనా నేను ఎవలనన్న అడిగిన్నా? అడుగున్రి, గీ సత్తయ్యనే అడుగున్రి!"

వకీలు "ఇంకేం ప్రశ్నలు లేవు" అని కూసున్నడు. ఏ వకీలుకైనా బతుకుల ఒక్కసారన్న అసొంటి సాక్షి దొరకాలె.

జడ్జిగారు తలెత్తిండు. "అంజయ్యగారూ, మీరు ఇప్పుడు ప్రమాణం చేసి ఏం చెప్పిన్రో మీకు అర్థమైందా? అభ్యర్థికి తెల్వకుండ మీరు ఓటర్లకు మందు పంచిన్రు. మీ మీద ఎందుకు చర్య తీసుకోవద్దో చెప్పుకునెతందుకు నోటీసు ఇస్తున్న."

మల్ల వాయిదాకే అంజయ్య పిటిషన్ వాపసు తీసుకుంట అని దరఖాస్తు పెట్టిండు. ఇది కూడ పిల్లలు తెలుసుకోవాలె. భూమి తగాదా అయితే ఇద్దరు రాజీ పడి బయటికి పోవచ్చు. ఎన్నికల పిటిషన్ అట్ల కాదు, ట్రిబ్యునల్ అనుమతి లేకుండ వాపసు లేదు. "ఇది మీ ఇంటి కేసు కాదు, ఊరి కేసు" అన్నడు జడ్జిగారు. అనుమతి ఇయ్యలేదు. వదినెను దించెతందుకు వచ్చిన మనిషిని బోన్లకెల్లి దిగనియ్యలేదు.

తర్వాత

తీర్పు వచ్చేసరికి రాజవ్వ పదవి కాలం ఆఖరికొచ్చింది. పిటిషన్ కొట్టేసిన్రు, అంజయ్య కొన్నేండ్లు పోటీ చెయ్యరాదని తేల్చిన్రు. నేను గట్టిగ చెప్పేదొకటే, ఎన్నికల పిటిషన్ మంచి మందే గని, పేషెంటు డిశ్చార్జైనంక అందుతది. రాజవ్వ మీద పడ్డది పసలేని గాలి కేసు కాబట్టి ఆలస్యమైనా నష్టం లేదు. నిజంగ అన్యాయంగ ఓడినోళ్లను కూడ చూసిన. గెలిచినట్టు తీర్పు చేతికి వచ్చేనాటికి ఆ కుర్చీల కూసునెతందుకు నెల కూడ మిగలలేదు. అందుకే బూత్ల, లెక్కింపు బల్ల కాడ మనం సక్కగుండాలె. తర్వాత కోర్టు చూసుకుంటదిలే అనే అధికారి ఆ ఊరికి అయిదేండ్లు బాకీ పడ్డట్టే.

ఆ తర్వాతి ఎన్నికలల్ల రాజవ్వ తనంతట తానే నామినేషన్ వేసింది. ఓడిపోయింది, చిన్నగ కాదు, మంచిగనే ఓడిపోయింది. బాలమణి గెలిచింది. ఎందుకు ఓడిందని ఆ ఊరి మనిషిని అడిగితే, "మంచిదే మేడం. షెడ్డు తీయించింది, మురుగు పోయే మోరీలు కట్టించింది. గని ఒక్కనాడన్న ఒక్క సుక్క పోసిందా?" అన్నడు. నేను అప్పటికే రిటైరైన, లేకుంటే ఆయన మీద రిపోర్టు రాద్దును.

ఈ మధ్యనే సిద్దిపేట బస్టాండుల రాజవ్వ కనిపించింది. చేతుల సంచి, దాంట్ల బీడీ ఆకు. బెంచీ మీద నా పక్కన కూసున్నది.

"ఓడిపోయినందుకు బాధైందా?" అని అడిగిన.

"రెండు దినాలైంది. మూడోనాడు బర్రె ఈనింది, ఇగ మర్చిపోయిన."

"అంజయ్య ఎట్లున్నడు?"

"పోటీ చెయ్యరాదాయె, మల్ల కేసైతదని మందు పంచెతందుకు భయమాయె. మొన్న పోలింగు నాడు లైన్ల నా ఎనుకనే నిలవడ్డడు. పాపం మేడం, ఇన్నేండ్లు ఊరందరి ఓట్లు ఆయనొక్కడే ఏసె. మొన్న మొదటిసారి ఆయనది ఆయన ఏసుకునె."

నాకు నవ్వాగలేదు. "మరి నీకేసిండా?"

రాజవ్వ నా దిక్కు విచిత్రంగ చూసింది.

"గదెట్ల అడుగుత మేడం? ఓటు ఎవలికేసిన్రో ఎవల్నీ అడుగద్దు గదా."

చేర్యాల బస్సు వచ్చింది. సంచి భుజానికేసుకొని, జనంల దారి చేసుకుంట ఎక్కింది. కిటికీ కాడ సీటు దొరికినట్టుంది, చెయ్యి ఊపింది.